పెద్దింటికి వీపు చూపిన గొడుగు

మా ఊళ్ళో ఆకాశాన్ని కూడా వీధులవారీగా పంచుకోబోయారంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఇష్టం. ఆ పంపకం జరిగేటప్పుడు నేను పక్కనే స్పానరు పట్టుకుని నిలబడి ఉన్నాను.

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే బస్సు దిగి కంకర బాటన కాసేపు నడిస్తే మా ఊరు. ఉత్తరపు కొసన పెద్దిల్లు, దాని చుట్టూ ఆ ఇంటి దాయాదుల ఇళ్ళు. దక్షిణపు కొసన గొర్రెలు మేపుకునే మా వీధి. రెంటికీ నడుమ పెద్దింటివాళ్ళు శెనక్కాయలు పోసుకునే పాత కొట్టు. పెద్దింటాయనకు భూమి మెండు, నీళ్ళు తక్కువ. ఆ భూమిలో ఏడాదికి ఒక పంట రావడమే కష్టంగా ఉండేది కానీ, గౌరవం మాత్రం ఆయన మూడు కార్లు పండించేవాడు.

నేను ఏడో తరగతితో బడి చాలించాను. డెబ్బైల మొదట్లో మదనపల్లె బస్టాండు దగ్గర ఒక రేడియో రిపేరు అంగట్లో పనికి కుదిరాను. తోలుసంచిలో రేడియో వేసి భుజాన తగిలించుకుని చేను గట్ల మీద తిరగడం పెద్దమనిషి లక్షణంగా ఉన్న రోజులవి. ఆ పెద్దమనుషులు బ్యాటరీలు తలకిందులుగా దూర్చి, ‘కంపెనీవాడు మోసం చేసినాడు’ అంటూ వచ్చేవాళ్ళు. మేము సంచి విప్పి, బ్యాటరీలు తిప్పి పెట్టి, కాసేపు గంభీరంగా మొహం ముడుచుకుని కూర్చుని, అప్పుడు పాట వినిపించేవాళ్ళం. ఊరికే తిప్పి ఇచ్చేస్తే ఆ రిపేరుకు మర్యాద ఉండదు. ఈ శాస్త్రమంతా నేర్చుకుని పుంగనూరులో సొంతంగా ఒక చిన్న రిపేరు బంకు పెట్టుకున్నాను.

టీవీ అనే జబ్బును మొదట చూసింది కుప్పంలో, మా అత్తగారింట్లో. ఎనభైల మొదట్లో మా బామ్మర్ది ఒక టీవీ కొన్నాడు. బెంగళూరు బొమ్మ పట్టాలని మిద్దె మీద ఇనుప పైపుకు పైపు అతికించి, దాని కొసన ఏరియల్ కట్టాడు. ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా గడిచేవంటే, మిద్దె మీద బామ్మర్ది పైపు తిప్పుతుంటాడు, కిందినుంచి నా భార్య అరుస్తుంటుంది.

“వచ్చిందా?”

“వచ్చింది. పోయింది. తిప్పొద్దు. అయ్యో, యాల తిప్పితివి?”

“నేను తిప్పలేదు, గాలి తిప్పింది.”

వార్తలు చదివే ఆవిడకు ఒకసారి రెండు తలలు, ఒకసారి తలే ఉండేది కాదు. బామ్మర్ది మాత్రం ఊరంతటికీ ‘మా ఇంట్లో బెంగళూరు పడతాంది’ అని చెప్పుకునేవాడు.

తప్పు ఆ పైపుది కాదు, భూమిది. టీవీ తరంగం విసిరిన రాయికన్నా మొండిది, తిన్నగా పోతుంది తప్ప వంగదు. భూమి చూస్తే బాగా తిన్నవాడి పొట్టలాగా ఉబ్బి ఉంది. బెంగళూరు టవరు కంబం నుంచి బయలుదేరిన బొమ్మ కాస్త దూరం పోయేసరికి కింద నేల వంగిపోతుంది, బొమ్మ మన నెత్తి మీదుగా పోతుంది. నడుమ కొండ అడ్డం వస్తే అక్కడే ఆఖరు. అందరికీ కనపడాలంటే దేశం నడిబొడ్డున ఆకాశానికి తగిలేంత కంబం పాతాలి. పాతేవాడు లేడు కాబట్టి, కంబం లేకుండా దాని కొసను మాత్రం పైన వేలాడదీశారు. దాని పేరే ఉపగ్రహం.

ఎనభైల నడిమిలో ఆ ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ పట్టే టీవీ ఒకటి సర్కారువాళ్ళు మా ఊరికి ఇస్తామన్నారు. కరెంటు, తాళం వేసుకునే గది ఉండాలన్నారు. పెద్దింటాయన వెంటనే తన శెనక్కాయల కొట్టు ఇచ్చాడు. ఇచ్చిన మరునాడే తలుపు మీద తన పేరు, తన తండ్రి పేరు, తాత పేరు రంగుతో రాయించాడు. టీవీ పేరు రాయడానికి చోటు మిగల్లేదు.

ఆ గదితో నిజంగా బాగుపడింది మా అక్క. ఆమె ఊళ్ళో బాలవాడీ నడిపేది. పిల్లలకు అక్షరాలు చెప్పి, గంజి కాచి పోయడం ఆమె పని. గది లేదు. ఎండాకాలం గొర్రెల దొడ్డి పక్కన నీడన, వాన వస్తే ఎవరి పంచ దొరికితే ఆ పంచన. పిల్లల పలకల మీద గొర్రెలు నడిచేవి. టీవీ వచ్చాక, అది పనిచేసేది సాయంత్రం కాబట్టి, పగలంతా గది ఖాళీగా ఉండేది. తాళంచెవి అక్క చేతికొచ్చింది. పెద్దింటాయన అందరి ముందు ఒక మాట అన్నాడు: “పెట్టె ఉండేంతవరకు గది ఊరిది. పెట్టె పోతే గది నాది, శెనక్కాయలవి.” అక్కకు ఆ మాట రోజూ చెవిలో గుయ్యిమనేది.

ఆ టీవీకి ఆకాశం నుంచి బొమ్మ పట్టి ఇచ్చే గొడుగు లారీలో ముక్కలుగా వచ్చింది. పక్కలకు వంచిన కడ్డీలు, వాటి మీద బిగించడానికి కోళ్ళఫారాల్లో వాడే వల. దించుతుంటే ఊళ్ళో సగం మంది సర్కారు కోళ్ళు ఇస్తోందనుకున్నారు, మిగతా సగం ఎవరికి ఎన్ని కోళ్ళో పంచేసుకున్నారు కూడా. పుస్తకాల తెలుగు మాట్లాడే ఒక కుర్ర ఇంజనీరు జీపులో వచ్చి, దిక్సూచి పెట్టి చూసి, కొట్టు పక్కన దిమ్మె కట్టించి గొడుగు బిగించాడు. గొడుగు దాదాపు ఆకాశానికే నోరు తెరుచుకుని, కొంచెం దక్షిణానికి వాలింది. ఇంత పెద్ద కథ ఆ కొంచెం వాలు గురించే.

“ఇన్ని బొక్కలుండాయి కదప్పా, బొమ్మ కారిపోదా?” అని ఒక ముసలాయన అడిగాడు.

ఇంజనీరు ఆలోచించి, తరంగం పొడవు రంధ్రం కన్నా ఎక్కువని చెప్పాడు. ముసలాయన నా వైపు చూశాడు.

“తాతా, కోడిపిల్ల దూరే సందులో పుంజు దూరుతుందా? ఈ అల పుంజు. వలకు తగిలి ఎనక్కి ఎగిరి, నడిమి కడ్డీకి ఉండే ఆ డబ్బాలో పడతాది,” అన్నాను.

“మరి కోళ్ళు అన్నందుకు మమ్మల్ని నగితిరే,” అన్నాడు ముసలాయన.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న మంచిది. పైనుండేది భూమి చుట్టూ తిరుగుతూ ఉంటే గొడుగు కూడా దానెంబడే తిప్పుతూ ఉండాలి కదా అని. దీనికి ఇంజనీరు చెప్పిన జవాబు నాకు నచ్చింది కాబట్టి నా మాటల్లో చెబుతాను. గానుగ చూసే ఉంటారు. ఎద్దు తిరుగుతుంది. వెనక కాడి మాను మీద కూర్చున్నవాడూ తిరుగుతాడు. కానీ ఎద్దు ఎప్పుడు వెనక్కి చూసినా వాడు అదే చోట, అదే కర్రతో కనిపిస్తాడు. ఇద్దరూ ఒకే చుట్టు ఒకే సమయంలో తిరుగుతారు మరి. భూమి రోజుకొక్క చుట్టు తిరుగుతుంది. మరీ కింద పెడితే ఉపగ్రహం తొందరగా తిరిగి ముందుకు పోతుంది, మరీ పైన పెడితే వెనకబడుతుంది. సరిగ్గా రోజుకొక్క చుట్టు తిరిగే ఎత్తు ఒకటుంది, ముప్పై ఆరువేల కిలోమీటర్లు. భూమి నడుంకు మొలతాడు కట్టినట్టు ఒక గీత అనుకుంటే, సరిగ్గా ఆ గీతకు పైన ఆ ఎత్తున దాన్ని వదిలిపెట్టారు. మనం ఆ మొలతాడుకు ఉత్తరంగా ఉన్నాం, అందుకే అది మనకు దక్షిణానికి కనిపిస్తుంది. కనిపిస్తుందంటే కంటికి కాదు, గొడుగుకు.

అక్కడ అది చేసే ఉద్యోగం కూడా పెద్దది కాదు. ఇటు పట్నంలో ఒక పెద్ద గొడుగు బొమ్మను పైకి విసురుతుంది. అంత దూరం పోయేసరికి అది కొన ఊపిరితో ఉంటుంది. ఉపగ్రహం దాన్ని పట్టుకుని, తన గొంతు తన చెవికే అడ్డం రాకుండా శ్రుతి మార్చి, కాస్త బలం పోసి, దేశమంతా తడిసేలా కిందికి వదులుతుంది. రెక్కల్లాంటి పలకలతో ఎండ తాగి బతుకుతుంది. తనకంటూ ఒక్క మాటా లేదు, విన్నది మార్చకుండా చెబుతుంది. ఈ ఒక్క గుణంతో అది మా ఊళ్ళో ఒక్కరోజు బతకలేదు.

ఇంత తిప్పలు పడి ఆకాశం నుంచి దిగివచ్చిన బొమ్మ ఏమిటయ్యా అంటే, మోకాటి లోతు కాలువ నీళ్ళలో వరినాట్లు ఎలా వేయాలో. బోరు వేస్తే గాలి తప్ప ఏమీ రాని మా ఊరికి. గొర్రెలు కాసేవాళ్ళు చలిగుడ్డలు కప్పుకుని కూర్చుని ఆ నీళ్ళను చూసేవాళ్ళు. తర్వాత హిందీ వచ్చేది. అర్థం కాకపోయినా అదే మేలనిపించేది, సలహా ఇస్తున్నారని తెలియదు కాబట్టి.

అలా కొన్నాళ్ళు నడిచింది. ఆ ఏడాది గంగమ్మ జాతర వచ్చింది. మా ఊరి జాతరలో ఒక పద్ధతి ఉంది. అమ్మవారిని ఊరేగిస్తూ తెచ్చి పెద్దింటి ముందు ఆ వాకిలి వైపు మొహం పెట్టి దించాలి. మొదటి హారతి అక్కడే. అమ్మవారి వీపు ఆ ఇంటికి ఒక్క క్షణం కూడా తిరగకూడదు. మోసేవాళ్ళు వెనక్కి నడిచైనా సరే మొహం అటే ఉంచుతారు. గుంటలో కాలుపడి మోసేవాడు కూలబడ్డ ఏడాది కూడా ముందు అమ్మవారి మొహం ఎటుందో చూసి, ఆ తర్వాతే వాణ్ణి లేపారు.

జాతరకు తంబళ్లపల్లె నుంచి పెద్దింటాయన బావమరిది వచ్చాడు. ఇద్దరూ పెద్దింటి వెనక, కొట్టు కనపడే అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతున్నారు. నేను మైకు తీగలు చుట్టుకుంటూ అక్కడే ఉన్నాను. బావమరిది కొట్టు వైపు చూసి, తాపీగా అన్నాడు.

“ఏం బావా, సర్కారు గొడుగు నీకు ఈపు సూపెట్టి, మొగం గొర్రెలోళ్ళ ఈదికి పెట్టి ఉండాదే. అడిగే వాళ్ళు లేరా మీ ఊళ్ళో?”

పెద్దింటాయన నమలడం ఆపాడు. అన్ని నెలలుగా రోజూ చూస్తున్న గొడుగును అప్పుడు మొదటిసారి చూశాడు.

మరునాడు పొద్దున్నే ఆయన జీతగాళ్ళు బోల్టులు వదులు చేసి గొడుగును ఉత్తరానికి తిప్పేశారు. పెద్దింటికి ఇప్పుడది నిండుగా వంగి దండం పెడుతోంది. సాయంత్రం టీవీ పెడితే తెరనిండా ఉసుళ్ళు. వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ ముసురుతాయే, అవే, గుయ్యిమని శబ్దంతో సహా. పైనున్నది ఉన్నచోటే ఉంది, మా గొడుగు ఇటు తిరిగి పెద్దింటి కప్పు మీది ఖాళీ ఆకాశాన్ని పడుతోంది.

పెద్దింటాయన ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “కొత్త కదా, కుదురుకుంటాది,” అన్నాడు. కాసేపటికి, “అదో, ఎవురో మనిషి తెలస్తాండాడు,” అన్నాడు. వెనకనుంచి ఆయన దాయాది ఒకడు, “అవునన్నా, టోపీ కూడా పెట్టుకోనుండాడు,” అన్నాడు. కొన్ని సాయంత్రాలు ఊరు ఊరంతా కూర్చుని ఉసుళ్ళు చూసింది. వరినాట్ల కన్నా ఇదే బాగుందన్నవాళ్ళూ ఉన్నారు.

అక్క పుంగనూరు బంకుకు వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. స్టూలు తుడిచి ఇచ్చినా కూర్చోలేదు.

“రేయ్, వచ్చే వారం జీపు వస్తాదంట. పెట్టె పనిచేయకుంటే ఎత్తుకోని ఇంకో ఊరికి ఇస్తారంట. పెద్దింటోళ్ళు అప్పుడే గోతాలు కుట్టిస్తాండారు, శెనక్కాయలు పోసేదానికి.”

“మంచిదే కదక్కా. ఆ వరినాట్ల పీడ పోతాది.”

“నీ నాలిక తెగ. నీ బొమ్మలు గంగలో కలవనీ, నాకెందుకు? నాకు గది కావాల. పిల్లోళ్ళు ఇప్పుడిప్పుడే గోడ మీద రాసింది కూడబలుక్కోని చదువుతాండారు. మళ్ళా దొడ్డి కాడికి తోలమంటావా?”

నేను నవ్వులాట మానేశాను. మా అక్క ఎవర్నీ ఏదీ అడగదు. ఆ రోజు అడిగింది.

పెద్దింటికి పోయాను. ఆయన అరుగు మీద ఉన్నాడు. నేను మెట్ల కింద నిలబడ్డాను. మా వీధివాళ్ళం ఆ మెట్టు తొక్కే అలవాటు లేదు.

“సామీ, పైన ఉండేది దచ్చిణానికే ఉండాది. గొడుగు అట్లే వాలాల.”

“మా తాత కాలం నుంచి ఈ ఊళ్ళో ఏదొచ్చినా ముందు ఈ వాకిలికే మొగం పెట్టాల.”

“ఆ సంగతి దానికి తెలీదు సామీ.”

“తెలీకుంటే చెప్పు. చదువుకున్నోళ్ళు పంపించినారంటివే, మర్యాద నేర్పించలేదా దానికి?”

ముప్పై ఆరువేల కిలోమీటర్ల దూరాన ఉన్నదానికి మర్యాద నేర్పించడం నా బంకులో అయ్యే పని కాదు. తిరిగొచ్చేశాను.

జీపు వచ్చింది. ఇంజనీరు దిగి గొడుగును చూసి, తర్వాత దిక్సూచిని చూసి, చెడిపోయిందేమోనని దాన్ని తట్టాడు. దిక్సూచిని అనుమానించాడు కానీ ఊరిని అనుమానించలేదు, అంత మంచివాడు. విషయం చెప్పాను. ఆయన పెద్దింటాయనకు ఓపికగా అంతా మొదటినుంచీ వివరించాడు. పెద్దింటాయన అంతే ఓపికగా విని, “అదంతా సరే గానీ, ఈపు ఎవురికి?” అని అడిగాడు.

ఊరు మొత్తం చుట్టూ చేరింది. అక్క గది గడపలో నిలబడి ఉంది, వెనకాల పిల్లలు. ఇంజనీరుకు విసుగొచ్చింది.

“చూడండి, ఇది మీ వీధి, వాళ్ళ వీధి అని ఉండదు. అది అంత దూరాన ఉంది కాబట్టి గొడుగు మదనపల్లెలో పెట్టినా, కుప్పంలో పెట్టినా వాలు ఇంచుమించు ఇదే. ఊళ్ళో ఎక్కడ పెట్టినా ఒకటే. దక్షిణానికి వాలితే చాలు. కుదరదంటారా, పెట్టె జీపులో ఎక్కిస్తాను.”

పెద్దింటాయన తలెత్తి, “ఎక్కించుకోండి,” అన్నాడు. జీతగాడు ఒకడు అప్పుడే కొట్టు వైపు అడుగేశాడు. అక్క తలుపు రెక్క పట్టుకుంది.

ఎక్కడ పెట్టినా ఒకటే అన్న మాట నా బుర్రలో అప్పటికి దిగింది. పెద్దింటి వాకిలి ఉత్తరానికి. ముందు పెద్ద కళ్ళం, కళ్ళానికి అవతల గడ్డివాముల దొడ్డి. గొడుగును తిప్పడం దేనికి, మోసుకుపోతే సరిపోదా?

“సామీ, ఒక్క మాట,” అన్నాను. “గొడుగును మీ కళ్ళానికి అవతల, వాముల కాడ నాటితే? అది దచ్చిణానికి వాలుతాది. దచ్చిణానికి ఏముండాది? మీ వాకిలి. నిలువునా మీ వాకిలికే మొగం. పైన ఉండేదానికీ సరిపోతాది.”

ఆయన కళ్ళు మూసుకుని మనసులో గొడుగును నాటి, వాలు సరిచూసుకున్నాడు. బావమరిది ఊరికి పోయాడు కాబట్టి తప్పు పట్టేవాడు లేడు. ఇంజనీరు, “తీగ అంత దూరం లాగకూడదు. పెట్టె కూడా అక్కడికే పోవాలి,” అన్నాడు.

“పోతాది,” అన్నాను నేను. “సామి పంచలో పెడతాం. గంగమ్మే ముందు వచ్చేది ఆడికి, ఇదొక లెక్కనా? అయితే సామీ, ఇచ్చిన గది ఎనక్కి తీసుకునే ఇల్లు కాదు కదా మీది. తలుపు మీద మూడు తరాల పేర్లుండాయి. దాంట్లో మళ్ళా గోతాలు పోస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? పిల్లోళ్ళకు ఇడిసిపెట్టినామని ఇప్పుడే, సారు ముందరే అనేయండి.”

అంతమంది ముందు పెద్దింటాయనకు వేరే దారి లేదు. కండువా సర్దుకుని, “ఇచ్చింది మేము తీసుకోము. గది పిల్లోళ్ళదే. ఇంకా యాల అడుగుతావురా?” అన్నాడు, ఆ ఆలోచన తనదే అన్నట్టుగా. ఇంజనీరు మా పంచాయతీ పెద్దల చేత కూడా ఆ మాట అనిపించి, గొడుగు విప్పించాడు. రెండు రోజుల్లో వాముల దగ్గర కొత్త దిమ్మె లేచింది. ఉసుళ్ళు పోయి వరినాట్లు తిరిగొచ్చాయి.

ఆ తర్వాతిది ఎవరూ ముందు ఆలోచించలేదు, నాతో సహా. టీవీ ఊరిది, చూసే హక్కు ఊరందరిదీ. కాబట్టి ఊరు కదిలి పెద్దింటికి వచ్చింది. మొదటిరోజు మా వీధివాళ్ళు కళ్ళంలోనే ఆగారు. అక్కడినుంచి తెర అగ్గిపెట్టెంత కనపడింది. రెండోరోజు మెట్ల దాకా వచ్చారు. వారం తిరగక ముందే అరుగు మీద, గొర్రెబొచ్చు కంబళ్ళతో, బీడీలతో, ఏడ్చే పిల్లలతో కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళు బయటికి రావాలంటే, “రోంత జరుగప్పా,” అని అడగాల్సి వచ్చేది. పెద్దింటాయన తన కుర్చీ తీసుకుని రోజుకింత వెనక్కి జరుగుతూ, చివరికి వంటింటి గడప దగ్గర ఆగాడు. అక్కడినుంచి ఆయనకు తెర కనపడేది కాదు, గొడుగు మాత్రం కనపడేది, తనకే ఎదురుగా.

కొన్నాళ్ళకు బంకుకు మనిషిని పంపి నన్ను పిలిపించాడు.

“ఒరే, ఆ పెట్టెను మళ్ళా కొట్టులోకి మార్చేదానికి అయితాదా?”

“అయితాది సామీ. గొడుగు మళ్ళా మీకు ఈపు సూపెడతాది.”

“సూపెడితే సూపెట్టనీరా,” అన్నాడు మెల్లగా.

“అయితే ఇంకొకటుండాది. సారు ముందర గది పిల్లోళ్ళదంటిరి. ఇప్పుడు వాళ్ళనడగాల.”

ఆయన నన్ను తిట్టబోయి, అరుగు వైపు చూసి ఆగాడు. అక్కడ మా పిన్నమ్మ ఒకావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని, పొద్దు వాలకముందే చోటు పట్టుకుని ఉంది.

అక్కడినుంచి గదికి పోయాను. అక్క సున్నం కలుపుతోంది. టీవీ ఉన్న మూల గోడ నల్లగా ఉంటే దానికి వేస్తోంది. పిల్లలు నేల మీద బొగ్గుతో అక్షరాలు రాస్తున్నారు. జరిగిందంతా నా పద్ధతిలో, కాస్త కారం కలిపి చెప్పాను. ఆమె నవ్వుతుందని చూశాను.

“పెట్టె ఆడనే ఉండనీ. ఊరందరినీ నగేది తర్వాత,” అంది, చీపురుకట్ట సున్నంలో ముంచుతూ. “ఆ కిటికీకి రెక్క లేదు, వాన జల్లు లోపలికి కొడతాంది. రేపు వచ్చేటప్పుడు ఒక రేకు ముక్క తెచ్చి కొట్టు.”